అనంతపురం ఎండలో టోపీ, బూట్లు: మగవాళ్లు సొంత స్టైల్ కుదుర్చుకోవడం ఎలా

స్టైల్ మార్చుకోవాలనుకున్న మగవాళ్లలో చాలామంది ముందు చొక్కాల షాపుకే వెళ్తారు. నాలుగు చొక్కాలు తెచ్చుకుంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆఫీసులో పక్క సీటాయన చొక్కాలకీ వీటికీ తేడా కనపడదు. అందుకే నేను ఇంకో దారి చెప్తాను. కాళ్ల దగ్గర మొదలుపెట్టండి, తర్వాత ప్యాంటు, చివరన టోపీ. ఈ మూడూ కుదిరితే మధ్యలో ఉన్నది మామూలు తెల్ల చొక్కా అయినా మనిషి ప్రత్యేకంగా కనిపిస్తాడు.

పాతకాలపు బట్టల వైపు చూడమని చెప్పడానికి అందం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో ఏసీ, ఆఫీసులో ఏసీ లేని రోజుల్లో కుట్టించుకున్న బట్టలవి. నడుము పైకి, తొడల దగ్గర వదులుగా, లోపల గాలి ఆడేటట్టు ఉండేవి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం, కర్నూలు, కడపల్లో ఒంటికి అతుక్కునే స్కిన్ ఫిట్ ప్యాంటు వేసుకుని తిరగడం శిక్ష. పాత కోత మన ఎండకు సరిగ్గా నప్పుతుంది. ఈ సంగతి ఒంటికి తెలిశాక మళ్లీ వెనక్కి వెళ్లబుద్ధి కాదు.

ముందు కొనడం ఆపి చూడండి

ఇంట్లో పాత ఆల్బమ్ తీయండి. తాత, నాన్న, మేనమామ, ఎవరివైనా సరే. ముఖాలు పక్కనపెట్టి బట్టలే చూడండి. ప్యాంటు నడుము బొడ్డు దగ్గరుందా, కిందికుందా? ముందర కుచ్చిళ్లు ఉన్నాయా? కాలరు మొనలు ఎంత పొడవున్నాయి? కాళ్లకు ఏముంది? ఒక కాగితం మీద రాసుకోండి. 1950ల ఫోటోల్లో ప్యాంటు బొడ్డు మీదికి ఉంటుంది, కాళ్లు వెడల్పుగా ఉంటాయి. 1960లు నడిచేకొద్దీ ప్యాంటు సన్నబడుతుంది. 1970ల్లో కాలరు పెద్దదవుతుంది, బెల్‌బాటం నేలను తాకుతుంది. 1980లకు వచ్చేసరికి ఆఫీసర్లూ నాయకులూ సఫారీలో కనిపిస్తారు. వీటిలో ఒక్క కాలాన్నే ఎంచుకోండి. బెల్‌బాటం మీద 50ల టోపీ పెడితే రెండూ చెడతాయి. మన వాతావరణానికి నేను ఓటేసేది 50లకే. వదులు ప్యాంటు, పొట్టి కాలరు, పల్చటి గుడ్డ.

ఆల్బమ్ అయ్యాక ఒక ఆదివారం లేపాక్షి వెళ్లి రండి. 2022లో జిల్లాల విభజనతో అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ మన వాళ్ల నోట ఇంకా అనంతపురం లేపాక్షే. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. మెడ వెనక్కి వాల్చి పైకప్పు బొమ్మల్లో మగవాళ్ల తలలు చూడండి. నిలువుగా పొడుగ్గా ఉండే టోపీలు కనిపిస్తాయి. అవే కుళ్లాయిలు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తలమీద ఉన్నదీ ఆ తరహాదే. శ్రీనాథుడంతటి కవి కన్నడ రాజ్యానికి వెళ్లినప్పుడు కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని చాటువులో మొరపెట్టుకున్నాడు. ‘టోపీ మనది కాదు కదా’ అని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. తలమీద ఏదో ఒకటి పెట్టుకోవడం ఈ సీమకు వందల ఏళ్ల అలవాటు. ఇప్పటికీ పల్లెల్లో పెద్దవాళ్లు రుమాలు చుట్టుకోకుండా చేనికి వెళ్లరు.

లేపాక్షిలో ఇంకొకటి కూడా గమనించండి, రంగులు. ఎర్రమట్టి రంగు, పసుపు మన్ను రంగు, నలుపు, తెలుపు, అక్కడక్కడా ఆకుపచ్చ. మన చామనఛాయ ఒంటికి ఈ రంగులు బాగా నప్పుతాయి. బీరువాలో ఇవి తప్ప వేరే రంగులు లేకపోయినా నష్టం లేదు. ఏ చొక్కా తీసినా ఏ ప్యాంటు మీదికైనా కుదిరిపోతుంది.

తర్వాత బూట్లు. తొందరపడొద్దు

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. మూడు చవక జతలకు అయ్యే డబ్బు కూడబెట్టి ఒక్క జత కొనండి. ఆ మొదటి జత ముదురు గోధుమరంగు డెర్బీ అయితే మంచిది. డెర్బీలో లేసులు వేసే రెండు రెక్కలూ కిందికి కుట్టేసి ఉండవు, తెరుచుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అవి మూసుకుని ఉంటాయి. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగిన మన పాదాలు ముందర వెడల్పుగా ఉంటాయి. డెర్బీ అయితే లేసు వదులు చేసుకుని సర్దుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ మొదటి రోజే పాదం మీద నొక్కేస్తుంది. నలుపు ఎందుకు వద్దంటున్నానంటే మన దుమ్ము వల్ల. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా నడిచొస్తే నల్ల బూటు బూడిద రంగుకు తిరుగుతుంది. గోధుమరంగు మీద ఆ దుమ్ము అంతగా తెలియదు. పైగా పాతబడేకొద్దీ దాని అందం పెరుగుతుంది.

షాపుకు సాయంత్రం వెళ్లండి. పగలంతా ఎండలో తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, ఆ పాదానికి సరిపోయిన బూటే నిజంగా సరిపోయినట్టు. రోజూ వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడండి. స్పోర్ట్స్ షూ సైజును నమ్మొద్దు. చాలామందికి తోలు బూటు దానికంటే అర సైజో, ఒక సైజో తక్కువ పడుతుంది. రెండు కాళ్లకూ తొడిగి షాపులో పది అడుగులు నడవండి. మడమ పైకి లేచి జారుతుంటే వద్దు. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

కొనేముందు బూటును చేతిలోకి తీసుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు భాగాన్ని బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. మంచి తోలైతే వేలి చుట్టూ సన్నటి గీతల్లా ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకుంటాయి. రెక్సిన్, లేదా పైన ప్లాస్టిక్ పూత దట్టంగా వేసిన తోలు అయితే గీతలు పడకుండా గుంటలా లోపలికి పోతుంది. తర్వాత లేసుల కింద ఉండే నాలుకను పైకెత్తి దాని అంచు చూడండి. తోలు అంచున పీచు కనిపిస్తుంది. రెక్సిన్ అంచున గుడ్డ పొర కనిపిస్తుంది. లోపల ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర ఉన్నంత మాత్రాన సంబరపడొద్దు. అది తోలు అని చెప్తుందే తప్ప మంచి తోలు అని చెప్పదు. ఆఖరున బూటు తిరగేయండి. సోల్ అంచు మీద పైన కుట్టు కనిపిస్తే, కింద కూడా ఆ కుట్టో, దాని గాడో ఉందేమో చూడండి. పైన ఉండి కింద ఏమీ లేదంటే చాలాసార్లు ఆ కుట్టు అలంకారానికి పెట్టిందే. సోల్ జిగురుతో అంటించి ఉంటుంది.

కుట్టిన సోల్ ఎందుకంటే అరిగాక మార్పించుకోవచ్చు. గుడ్‌ఇయర్ వెల్ట్ అనే మాట వింటుంటారు కదా. బూటు పైభాగానికి చుట్టూ ఒక తోలుపట్టీ కుట్టి, ఆ పట్టీకి సోల్ కుడతారు. 19వ శతాబ్దంలో చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ ఈ పనిని మిషన్ మీదికి తెచ్చాడు. సోల్ విప్పినా పైభాగం దెబ్బతినదు. ఇలాంటి బూట్ల కోసం బెంగళూరు, హైదరాబాదు షోరూములే దిక్కని అనుకోవద్దు. తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట విదేశాలకు తోలు బూట్లు పంపే ఊళ్లు. చిత్తూరు, వేలూరు వైపు పనిపడితే ఆంబూరులో ఆగి నాలుగు షాపులు చూడండి. పైన చెప్పిన పరీక్షలు అక్కడా చేయాల్సిందే.

కొన్న జతను వరుసగా రెండు రోజులు వేయకండి. తోలు లోపల చెమట పీల్చుకుంటుంది, ఆరడానికి ఒక రోజు పడుతుంది. విప్పగానే దేవదారు చెక్కతో చేసిన షూ ట్రీ, అంటే బూటు ఆకారం చెడకుండా లోపల పెట్టే అచ్చు, పెట్టండి. అది లేకపోతే పాత న్యూస్‌పేపరు ఉండ చుట్టి పెట్టినా పని జరుగుతుంది. దుమ్మును బ్రష్‌తో రోజూ దులపండి. మన గాలిలో తేమ తక్కువ, తోలు త్వరగా ఎండి పగుళ్లిస్తుంది. అందుకే నెలకు ఒకటి రెండుసార్లు షూ క్రీమ్ రాయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం రాయొద్దు. రంగు ముదిరిపోతుంది, జిడ్డుకు దుమ్మంతా అంటుకుంటుంది. వానలో తడిస్తే లోపల పేపరు కుక్కి నీడలోనే ఆరబెట్టండి. కొత్త జత ఇంటికి తెచ్చిన వారంలోనే, చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర మడమకు చిన్న రబ్బరు ముక్క కొట్టించుకోండి. ఖర్చు కొంచెమే, బూటు ఆయుష్షు చాలా పెరుగుతుంది.

ప్యాంటు టైలర్ దగ్గరే కుట్టించుకోవాలి

పాత కోత రెడీమేడ్‌లో దొరకడం కష్టం. దొరికినా నడుము కిందికే ఉంటుంది. కాబట్టి గుడ్డ కొని కుట్టించుకోండి. ఆదోని గుడ్డల వ్యాపారం మనందరికీ తెలిసిందే. ఎమ్మిగనూరు చేనేత కూడా దగ్గరే. ఎండాకాలానికి లినెన్ గానీ, కాటన్ గానీ తీసుకోండి. 58 అంగుళాల పన్నా అయితే మామూలు ప్యాంటుకు 1.2 లేదా 1.3 మీటర్లు చాలు. కుచ్చిళ్లు, కింద మడత కావాలంటే 1.5 మీటర్లు తీసుకోండి. టైలర్‌కు ఇచ్చేముందు గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదవుతుంది.

కుర్ర టైలర్ దగ్గరికి వెళ్తే “ఏం సార్, ఇంత పైకి కట్టుకుంటే ముసలోళ్ల మాదిరి ఉంటాది” అంటాడు. బాటం 14 అంగుళాలకు తగ్గించి కుడతాడు కూడా. పాతూరు సందుల్లోనో, రాయదుర్గంలోనో, మీ ఊరి బజార్లోనో ముప్పై నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన మాస్టర్‌ను వెతుక్కోండి. నడుము పైకి, కుచ్చిళ్లతో కావాలని చెప్పగానే ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. “కుచ్చిళ్లు లోపలికి తిప్పాల్నా సార్, బయటికా?” ఈ ప్రశ్న అడిగిన మనిషిని వదులుకోకండి. లోపలికి అంటే మడత జిప్పు వైపు తిరిగి ఉంటుంది. పొట్ట ఉన్నవాళ్లకు బయటికి, అంటే జేబు వైపు తిరిగితే బాగా పడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు లోపలికే బాగుంటుంది.

కొలతలు ఇచ్చేటప్పుడు కొత్త బూట్లు వేసుకునే వెళ్లండి. బూట్లు ముందు కొనమన్నది ఇందుకే. ప్యాంటు నడుము బొడ్డు దగ్గర కొలిపించండి. బాటం 17 నుంచి 18 అంగుళాలు. పొడవు బూటు పైభాగాన్ని ఒక్కసారి ఆనుకుని ఆగాలి, గుట్టలా పడకూడదు. కింద ఒకటిన్నర అంగుళం మడత పెట్టించండి, ఆ బరువుకు ప్యాంటు నిటారుగా జారుతుంది. ఈ మడతకు ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో, గుడ్డ ఆదా చేయడానికి బ్రిటన్‌లో మగవాళ్ల ప్యాంట్లకు ఈ మడత పెట్టకూడదని నిషేధించారు. కొద్ది అంగుళాల గుడ్డ కోసం ప్రభుత్వం పట్టించుకుందంటే, జనానికి దాని మీద ఎంత మోజు ఉండేదో చూడండి. మొదటిసారి ఒక్క ప్యాంటే కుట్టించండి. రెండు ఉతుకులు పడ్డాక సరిచేయాల్సింది మాస్టర్‌కు చూపించి, ఆ కొలతలు ఆయన పుస్తకంలో రాయించి, అప్పుడు మిగతావి.

చొక్కా గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తెలుపు, లేత పసుపు మన్ను రంగు, రెండూ కాటన్. భుజం కుట్టు భుజం ఎముక దగ్గరే ఆగాలి. ఇన్‌షర్ట్ చేసుకోవాలి, లేకపోతే పైకి కుట్టించిన నడుము ఎవరికీ కనపడదు.

ఇప్పుడు టోపీ

బూట్లు, ప్యాంటు ఒంటికి అలవాటయ్యాకే టోపీ జోలికి రండి. టీషర్టు, జీన్సు మీద హఠాత్తుగా ఫెడోరా (చుట్టూ అంచు, పైన నొక్కు ఉండే టోపీ) పెడితే అద్దెకు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

టైలర్ టేపు తీసుకుని నుదుటి మధ్యలో, చెవులకు కాస్త పైన తల చుట్టూ కొలవండి. ఎన్ని సెంటీమీటర్లు వస్తే అదే మీ సైజు. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి. లోపల చెమట పట్టీ వెనక మడిచిన కాగితమో, పల్చటి స్పాంజ్ ముక్కో పెడితే సరిపోతుంది. బిగుతు టోపీ అరగంటకు తలనొప్పి తెస్తుంది, పైగా నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంది.

మార్చి నుంచి జూన్ దాకా గడ్డి టోపీ. మంచిది కావాలంటే పనామా. పేరు పనామా అయినా అది తయారయ్యేది ఈక్వెడార్‌లో. టోకియా అనే, తాటిచెట్టును పోలిన మొక్క ఆకుల్ని సన్నగా చీల్చి చేత్తో అల్లుతారు. ఆ అల్లికకు 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఎండను ఆపుతుంది, గాలిని వదులుతుంది. చవకగా అమ్మే ‘పనామా’లు చాలావరకు కాగితపు దారంతో అల్లినవి, నాలుగు చెమటలకు మెత్తబడిపోతాయి. అసలైన గడ్డి టోపీకి మన ఊళ్లో ఒక చిక్కుంది. పొడి గాలికి గడ్డి పెళుసెక్కి, పైన నొక్కు ఉన్న చోట పగులుతుంది. ఆ నొక్కు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి, రెండు చేతులతో అంచు పట్టుకోండి. వేసవిలో వారానికోసారి పైన నీళ్లు తుంపరగా చల్లి నీడలో ఆరనిస్తే గడ్డి మెత్తగా ఉంటుంది.

వానాకాలానికి కాటన్ లేదా లినెన్ ఫ్లాట్ క్యాప్, అంటే ముందువైపు మాత్రమే చిన్న అంచు ఉండే మెత్తటి టోపీ. బండి మీద తిరిగేవాళ్లకు ఇదే మేలు. బండెక్కితే హెల్మెటే, అందులో రెండో మాట లేదు. ఫ్లాట్ క్యాప్ మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, దిగాక తీసి పెట్టుకోవచ్చు. గడ్డి టోపీకి ఆ వీలు లేదు. డిసెంబరు, జనవరిలో, పొద్దున చలికి, ఫెల్ట్ (ఉన్నిలాంటి బొచ్చును నేయకుండా అదిమి చేసిన దట్టమైన గుడ్డ) ఫెడోరా. బూటు కంటే ఒక ఛాయ ముదురో, లేతో అయినా ఫర్వాలేదు, అచ్చం అదే రంగు కావాలని వెతకొద్దు. ఉన్ని ఫెల్ట్ వానలో తడిస్తే ముడుచుకుంటుందని గుర్తుంచుకోండి.

అంచు ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటే చాలామంది ముఖాలకు నప్పుతుంది. ట్రిల్బీ అని అమ్మే సన్న అంచు టోపీలు మన ఎండకు నీడనివ్వవు, వెడల్పు ముఖాన్ని ఇంకా వెడల్పు చేస్తాయి. 1971లో కృష్ణ గారు తెర మీద తొడిగిన కౌబాయ్ టోపీ నాకూ ఇష్టమే. కానీ రోడ్డు మీద అది వేషమైపోతుంది. తెల్లదొరల సోలా టోపీ కూడా అంతే. కొనేటప్పుడు బూట్ల దాకా కనిపించే నిలువుటద్దం ముందు నిలబడి చూడండి. ముఖం ఒక్కటే కనిపించే అద్దంలో ఏ టోపీ అయినా బాగానే ఉంటుంది.

ఒక రోజు, ఒక పాత వస్తువు

టోపీ, కుచ్చిళ్ల ప్యాంటు, తాత గడియారం, సస్పెండర్లు అన్నీ ఒకేసారి వేస్తే నాటకానికి తయారైనట్టు ఉంటుంది. మొదటి నెల ప్యాంటు పాతది, మిగతావన్నీ మామూలువి. తర్వాత టోపీ. ఇంట్లో తాతల నాటి హెచ్ఎంటీ గడియారం ఉంటే కీ ఇచ్చి చూడండి. 1961 నుంచి మన పక్కనే బెంగళూరులో తయారైనవి అవి. నడవకపోతే గడియారాల షాపులో శుభ్రం చేయించి కొత్త తోలు పట్టీ వేయించండి. పెట్టుకున్న టోపీ సంగతి నలుగురికీ అలవాటయ్యేదాకా కొన్ని మాటలు వినపడతాయి. “ఏమప్పా, షూటింగా?” అంటారు. నవ్వి, “ఎండకు, అన్నా” అంటే చాలు. అది నిజమే కదా. మాటిమాటికీ టోపీ సర్దుకోకండి. మీ చెయ్యి టోపీ మీదికి వెళ్లనంతసేపు ఎవరి కన్నూ దాని మీద నిలవదు.

పెళ్లికి పట్టుపంచె కట్టిన రోజు ఈ టోపీలు ఇంట్లోనే ఉంచండి. ధర్మవరం పట్టు మీద ఫెడోరా అస్సలు కుదరదు. పంచెకు తలపాగా, లేదా ఉత్త తల. కాళ్లకు బూట్లు కాదు, కిర్రు చెప్పులు. కొల్హాపురి చెప్పులు వాటికి దగ్గర చుట్టాలు. కొత్తల్లో కరుస్తాయి, ముందు వారం రోజులు ఇంట్లోనే వేసుకు తిరిగి మెత్తబరచుకోండి.

గుడిలోకి, భోజనానికి, పెద్దవాళ్ల ఇంట్లోకి వెళ్లేటప్పుడు టోపీ తీయండి. కడప పెద్దదర్గాకు వెళ్తే లెక్క తిరగబడుతుంది, అక్కడ తల కప్పుకోవాలి. దానికి తెల్ల టోపీయో, రుమాలో జేబులో ఉంచుకోండి, అంచున్న టోపీ మాత్రం చేతిలో పట్టుకోండి. ఇంటికొచ్చాక టోపీని మేకుకు తగిలించొద్దు, సాగిపోతుంది. తలకిందులుగా, అంచు గాల్లో ఉండేలా బీరువా పైన పెట్టండి. మధ్యాహ్నం పూట కారులో వెనక అద్దం దగ్గర మాత్రం వదిలేయకండి. ఆ వేడికి లోపలి తోలుపట్టీ ముడుచుకుని, సాయంత్రానికి టోపీ మీ తలకు చిన్నదైపోతుంది.